ఆటల నియమములు – అనుదిన జీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున నిలిచి మాటలాడు భాగ్యము కలిగించినందులకు మీకందరకు నా కృతజ్ఞతలు. పుస్తకములను గూర్చి చెప్పదగిన పండితులు ఈ వేదికపై పలువురున్నారు. నేను బ్రతుకంతయు ఈల చేతబట్టి బడిపిల్లలచేత ఆటలాడించినవాడను. కనుక నాకు తెలిసిన ఆటను గూర్చియే చెప్పెదను. అయితే గెలుపోటములు నేటి నా విషయము కావు. ఆటలో తప్పు జరిగినప్పుడు ఏమి జరుగును? ఊరిలో తప్పు జరిగినప్పుడు ఏమి జరుగుచున్నది? ఈ రెంటికి నడుమ గల తేడాను మీ ముందుంచి, ఆటనుండి ఊరు నేర్చుకొనవలసినది కొంత కలదని విన్నవించుటయే నా ఉద్దేశము.

ఒక సంగతితో మొదలిడెదను. పేర్లు చెప్పను, మీరును అడుగవలదు.

చాల ఏండ్ల క్రిందట నా యొద్ద చెడుగుడు ఆడిన పిల్లలలో ఇద్దరుండిరి. ఎప్పుడును ఎదురెదురు జట్లలో నిలిచెడివారు. బడి వదలిన పిదప, నేను లేనప్పుడు కూడ, దుమ్ములో కాలివ్రేలితో గీత గీచుకొని ఆడుకొనెడివారు. అంపైరు లేడు, ఈల లేదు. కూతకు వచ్చినవాని చేయి తనకు సోకినచో, ఎవరి కంటను పడకున్నను, “తగిలింది” అని చేయెత్తి గీత వెలుపలికి పోయి కూర్చుండుట వారికలవాటు. ఆ ఎత్తిన చేతులను చూచి నేను లోలోపల ఎంత గర్వపడితినో చెప్పలేను.

వారు పెద్దవారైరి. ఇరువురి పొలములును సాగరు కాలువ క్రింద ఒకే తూముమీద నున్నవి. ఒకరిది ఎగువ, మరొకరిది దిగువ. ఒక ఏడు మిరప పూతమీద నుండగా నీటి వంతు దిగువవానిది వచ్చినది. ఆ రాత్రి ఎగువ మడవ తెరచి యుండెను. తెల్లవారుసరికి దిగువ చేనిలోని నెఱ్ఱెలు నెఱ్ఱెలుగనే యున్నవి. అడుగబోయినవానికి “నేను తీయలేదు” అని సమాధానము వచ్చినది. మాటకు మాట పెరిగినది. పార పైకి లేచినది. ఆనక ఠాణా, ఆ వెనుక కోర్టు. వారు పోట్లాడుకొనుచున్నంతసేపును తెరచిన మడవను మూయువాడు లేక, ఇరువురికిని దక్కవలసిన నీరు మురుగు కాలువ పాలైనది.

ఆనాడు బరిలో ఎవరును చూడకున్నను లేచిన చేయి, తూము దగ్గర ఏల లేవలేదు? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వేధించినది. మనుష్యులు చెడిపోయిరని చెప్పి చేతులు దులుపుకొనుట తేలిక. కాని వారు చెడ్డవారు కారు. ఆటలో తప్పునొప్పుకొనుటకు అనుకూలమైన ఏర్పాటు కలదు. బ్రతుకులో అది లేదు. ఆ ఏర్పాటు ఎట్టిదో ఒక్కొక్క అంశముగా చూతము.

మొదటిది: ఆటలో గీత ముందుగా గీయబడును. కూతకు పోయిన పిదప గీత గీచువాడు లేడు. ఎంతవరకు మనది, ఎంతవరకు ఎదుటివారిది, దాటినచో ఏమగును అనునది ఆట మొదలుకాక మునుపే ఇరువైపులవారికిని తెలియును.

మన నీటి సంగతి చూడుడు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. కుడి కాలువకు జవాహరు కాలువయని పేరు పెట్టుకొంటిమి. గుంటూరు సీమను దాటి వచ్చి మన దర్శి ప్రాంతమును తడుపు ఆ నీటికి మనము చివరివారము. చివరివారి బాధ మీకు నేను చెప్పనక్కరలేదు. 1997లో రైతులే సాగునీటి నిర్వహణ చేసికొనవలెనని రాష్ట్ర శాసనసభ చట్టము చేసినది. నీటి వినియోగదారుల సంఘములు వచ్చినవి. చట్టమున్నది, సంఘమున్నది. కాని ఫలానా తూముమీద ఎవరి వంతు ఏ రోజు, ఏ గంటనుండి ఏ గంటవరకు అను గీత, అందరు చూచుచోట, అందరు చదువగల అక్షరములలో వ్రాసి యున్నదా? వ్రాయని వంతు గీయని గీతవంటిది. దానిని ఎవడు దాటెనో ఎట్లు చెప్పగలము?

మరియొక మాట. ఆట సగమైనప్పుడు జట్లు పక్షములు మార్చుకొనును. ఎండ కంటికెదురుగ నున్న వైపు, గాలి ఎదురుగ నున్న వైపు ఒక్క జట్టునకే పూర్తికాలము మిగులరాదని ఆ నియమము. కాలువ ఎగువ దిగువలను మార్చలేము. భూమి వాలు దేవుడిచ్చినది. కాని వంతును మార్చవచ్చును. చివరి చేనినుండి మొదలుపెట్టి పైకి వచ్చు వంతు ఒక మారు, పైనుండి క్రిందికి పోవు వంతు ఒక మారు పెట్టుకొనరాదా? ఆటలో పిల్లలు అడుగకుండగనే చేయు న్యాయమిది.

రెండవది: ఆటలో తీర్పు చెప్పువాడు ఏ పక్షమువాడును కాడు. క్రికెట్టు చరిత్రలో ఇది తెలిసివచ్చుటకు చాలకాలము పట్టినది. ఆతిథ్యమిచ్చు దేశము వారే అంపైర్లుగా నిలుచుట పూర్వపు ఆచారము. ఓడిన జట్టు ప్రతిసారియు అంపైరును అనుమానించెడిది. 1986లో లాహోరులో పాకిస్తాను, వెస్టిండీసు జట్లు టెస్టు ఆడినప్పుడు తీర్పు చెప్పుటకు మన దేశమునుండి ఇద్దరిని పిలిచిరి. వారు పీలూ రిపోర్టరు, వి.కె. రామస్వామి. పొరుగు దేశముతో మనకెన్ని తగవులున్నను, ఆ బరిలో మనవారి మాట ఇరుజట్లకును శిరోధార్యమైనది. 1994 నుండి ప్రతి టెస్టునకు ఒక తటస్థుడు, 2002లో ఇద్దరును తటస్థులే అను నియమము వచ్చినది. అంపైర్లందరు అన్యాయపరులని కాదు ఆ నియమము. ఎంత న్యాయపరుడైనను తన పక్షపు తప్పును తాను తూచరాదని.

ఈ సూత్రమును మరచినచో ఏమగునో మన ప్రాంతమే చూచినది. చెప్పుటకు నోరాడకున్నను చెప్పక తప్పదు. 1985 జూలై 16న, అప్పటికి మన జిల్లాలోనిదైన కారంచేడులో, దళితులు త్రాగునీరు ముంచుకొను చెరువు దగ్గర పశువుల మురికినీరు కలియుటను వారు ఆక్షేపించిరి. తప్పును తప్పని చెప్పుటయే వారు చేసినది. ఆటయైనచో అక్కడ ఈల మ్రోగవలెను, తప్పు చేసినవాడు వెనుకకు తగ్గవలెను, ఆట సాగవలెను. అట్లు కాలేదు. తప్పును ఎత్తిచూపుటయే నేరమైనది. బలము గలవారే తీర్పరులై, వారే శిక్షకులైరి. మరునాడు ఆ వాడపై దాడి జరిగినది. ఆరుగురు హతులైరి, స్త్రీలు మానభంగమునకు గురియైరి. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చినది. నడుమ ఇరువదిమూడేండ్లు గడచినవి. ఆనాటి పసిబిడ్డలు తాము బిడ్డల తల్లిదండ్రులైన పిదప ఆ తీర్పు వినిరి.

కాబట్టి సోదరులారా, ఊరిలో తగవు వచ్చినప్పుడు తీర్పరి ఎవరు అనునది చిన్న ప్రశ్న కాదు. ఎగువ రైతు బంధువు తూము తగవు తీర్చరాదు. చేతిలో అప్పు పత్రములున్నవాడు అప్పు తీసికొన్నవాని తగవు తీర్చరాదు. ఒక వాడవారే కూర్చుండి రెండు వాడల తగవు తీర్చరాదు. ఆడవారి మాట వినకుండ ఆడవారి తగవు తీర్చరాదు.

మూడవది: ఆటలో శిక్ష తప్పునకు తగినంతయే యుండును, అప్పుడే పడును, తప్పక పడును. ఇందు మూడు మాటలున్నవి. మూడింటిని విడదీసి చూడవలెను.

ఫుట్‌బాలు ఆట మొదటి దినములలో గోలు దగ్గర ఎదుటివానిని కావలెనని పడద్రోసినను, చేతితో బంతినాపినను, దానికి తగిన శిక్ష లేకుండెను. ఒక గోలు ఆగినది, పోయినదేమియు లేదు. తప్పు చేయుటయే లాభసాటి బేరమైనది. ఐర్లండులో మిల్‌ఫర్డు అను చిన్న గ్రామమునకు చెందిన విలియం మెక్రమ్ అను గోలు కాపరి దీనిని చూచి, అట్టి తప్పునకు పెనాల్టీ కిక్కు ఉండవలెనని ప్రతిపాదించెను. పెద్దమనుష్యులు కావలెనని తప్పు చేయుదురా, ఈ నియమము మాకవమానము అని కొందరాక్షేపించిరి. అయినను 1891లో నియమము వచ్చినది. నేటికిని ఉన్నది. శిక్ష తప్పుచే కలిగిన లాభముకంటె తక్కువయైనచో తప్పు వ్యాపారమగునని ఆ గ్రామస్థుడు కనుగొనెను. కాలువలో రాత్రివేళ ఆయిలింజను దింపినవానికి పడు జరిమానా, ఆ ఒక్క రాత్రి నీటితో పండిన పంటలో ఎన్నవ వంతో మీరే లెక్కకట్టుడు.

అట్లని శిక్ష కొండంత పెంచినను ప్రయోజనము లేదు. 1764లో బెక్కారియా అను ఇటలీ దేశపు పండితుడు నేరములు శిక్షలను గూర్చి గ్రంథము వ్రాసి, శిక్ష క్రూరత్వముకంటె శిక్ష తప్పదను నమ్మకమే తప్పును ఆపునని వాదించెను. ఇందుకు మన దారియే సాక్షి. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, శిరస్త్రాణము లేక మోటారు సైకిలు నడిపినవానికి వేయి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని వ్రాసిరి. త్రాగి నడిపిన మొదటి తప్పునకు పదివేల రూపాయల జరిమానాయో, ఆరు నెలలవరకు కారాగారమో, రెండునో యని వ్రాసిరి. కాని తనిఖీ ఉన్న నాడు హెల్మెట్టు తలపైకెక్కును. లేని నాడు పెట్రోలు ట్యాంకుపై కూర్చుండును. వాలీబాలు ఆటలో వల తాకినచో పోవునది ఒక్క పాయింటే. ఐనను ఆటగాడు వలను తాకకుండుటకు ఎంత జాగ్రత్త పడును! ఆ ఒక్క పాయింటు తప్పక పోవునని అతడెరుగును.

నాలుగవది: పడిన శిక్ష ఎందులకు పడినదో శిక్ష పొందినవానికి తెలియవలెను. 1966 జూలైలో ఇంగ్లండులో ప్రపంచ ఫుట్‌బాలు పోటీలు జరుగుచుండెను. ఇంగ్లండు, ఆర్జెంటీనా జట్ల ఆటలో జర్మనీ దేశపు రిఫరీ, ఆర్జెంటీనా నాయకుడైన రాటిన్‌ను వెలుపలికి పొమ్మనెను. ఒకరి భాష మరొకరికి రాదు. రాటిన్ చాలసేపు కదలలేదు, ఆట నిలిచిపోయినది. అదే ఆటలో ఇంగ్లండు ఆటగాండ్రకు కొందరికి తమకు హెచ్చరిక పడినదో లేదో కూడ తెలియలేదు. అప్పటి రిఫరీల పెద్దయైన కెన్ ఆస్టన్ ఈ చిక్కునే తలపోయుచు కారులో ఇంటికి పోవుచుండగా దారిలో కూడలి దీపములు కనబడినవి. పసుపు వెలిగినచో జాగ్రత్త, ఎరుపు వెలిగినచో ఆగుము. ఏ భాషవానికైనను అర్థమగును. అట్లు పుట్టిన పసుపు, ఎఱ్ఱ కార్డులు 1970లో మెక్సికో పోటీలలో వాడుకలోనికి వచ్చినవి. నేటి కబడ్డీలోను ఆకుపచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డు రెండు నిమిషముల బహిష్కారము, ఎఱ్ఱ కార్డు ఆ ఆటనుండియే వెలి.

చూడుడు, దారిలోని దీపము ఆటకు దారి చూపినది. ఆట నుండి ఆ అప్పును దారి తిరిగి తీసికొనవద్దా? మన ఊరిలో మొదటి తప్పునకు హెచ్చరిక లేదు. చాలనాళ్లు ఓర్చుకొని, ఓర్చుకొని, ఒక్కనాడు పారయెత్తుట మన పద్ధతి. తప్పు చేసినవానికి తాను తప్పు చేయుచున్నట్లు చివరి దెబ్బ పడుదాక తెలియదు. “బాబాయ్, నీ యింటి మురుగు నా గడపలోనికి వచ్చుచున్నది” అని మొదటి దినముననే, నలుగురు వినునట్లు, మర్యాదగా చెప్పినచో అది ఆకుపచ్చ కార్డు. అది చూపకనే ఎఱ్ఱ కార్డు తీయరాదు.

ఐదవది, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది: ఆటలో శిక్ష ముగియును.

చెడుగుడులో ఔటైనవాడు వెలుపల వరుసలో కూర్చుండును. తన జట్టు ఎదుటివానిని ఒకనిని ఔటు చేయగానే, ముందుగా ఔటైనవాడు ముందుగా లేచి లోపలికి వచ్చును. వచ్చినవానిని “నీవు ఇందాక ఔటైనవాడవు గదా” అని ఎవడును దెప్పడు. వాడు మరల పూర్తి ఆటగాడే. నేనెరిగిన ఆటల నియమములలో ఇంత దయగల నియమము మరియొకటి లేదు.

మన పొరుగుననే ఉన్న పలనాటి కథ చూడుడు. పన్నెండవ శతాబ్దిలో నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని నడుమ కోడిపోరు పందెము జరిగినదనియు, ఓడిన పక్షము ఏడేండ్లు రాజ్యము విడచి పోవలెనని ఒడంబడికయనియు కథ చెప్పును. కోడి ఓడినందులకు ఏడేండ్ల వనవాసము! శిక్ష తప్పునకు తగినది కాదు. అసలక్కడ తప్పే లేదు. అయినను వారు పోయిరి, ఏడేండ్లు గడపిరి. గడువు తీరిన పిదప తమ భాగము తమకిమ్మని రాయబారిని పంపిరి. ఇయ్యలేదు, రాయబారి అలరాజు ప్రాణములు పోయినవి. కారెంపూడి రణరంగమైనది. మనము ఆ కథను వీరులకొరకు వినుచున్నాము. నేను వేరొక పాఠము వినుచున్నాను. ఔటైనవాడు శిక్ష పూర్తిచేసి గీత దగ్గరకు వచ్చి నిలిచినప్పుడు వానిని లోపలికి రానీయకపోవుటవలననే ఆ యుద్ధము వచ్చినది.

ఈ గ్రంథాలయమునే చూడుడు. గడువు దాటి పుస్తకము తెచ్చినవాడు దినమునకింతయని చిల్లర చెల్లించును. మోతుబరి కొడుకైనను, కూలివాని కూతురైనను ఒకే లెక్క. చెల్లించిన మరుక్షణము మరియొక పుస్తకము తీసికొనవచ్చును. గ్రంథపాలకుడు మీ తాతగారు ఎప్పుడో పుస్తకము ఆలస్యముగా తెచ్చిరని మీకు పుస్తకమియ్యక మానడు. ఇరువదియైదేండ్లుగా ఈ చిన్న గదిలో సాగుచున్న ఈ న్యాయము గది గడప దాటి వీధిలోనికి ఏల పోలేదు? వీధిలో తాత తప్పు మనుమని మెడకు చుట్టుకొనుచున్నది. మాటలు లేని ఇండ్లున్నవి. ఎందులకు మాటలు మానిరో మరచిపోయిన ఇండ్లును ఉన్నవి. కొన్ని చోట్ల వాడకు వాడనే వెలివేయుట, పనికి పిలువకుండుట, కొట్టులో సరుకియ్యకుండుట జరిగినది. షెడ్యూల్డు కులములు తెగల వారిపై అట్టి బహిష్కారము విధించుట 1989 నాటి అత్యాచార నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణచే స్పష్టముగా నేరము. చట్టమటుండనిండు, ముగింపు లేని శిక్ష శిక్షయే కాదు, అది పగ.

ఇంతవరకు నియమములను గూర్చి చెప్పితిని. నియమము కోరినదానికంటె ఒక అడుగు ముందుకు వేసినవారిని కూడ ఆట చూపినది. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో జరిగిన స్వర్ణోత్సవ టెస్టున మన నాయకుడు గుండప్ప విశ్వనాథ్. ఇంగ్లండు ఐదు వికెట్లు పోయి కష్టములో నుండెను. బాబ్ టేలరు ఔటని అంపైరు వ్రేలెత్తెను. బంతి బ్యాటుకు తగులలేదని విశ్వనాథునకు తెలియును. అంపైరు చెప్పిన పిదప ఊరకుండిన తప్పు పట్టువారు లేరు. ఐనను అతడు అప్పీలు ఉపసంహరించుకొని, పోవుచున్నవానిని వెనుకకు పిలిచెను. ఆ టేలరు, బోథము కలసి 171 పరుగులు చేసిరి. మనము పది వికెట్ల తేడాతో ఓడిపోతిమి. నేడు ఆ ఆటలో గెలిచినవారికంటె ఆ పిలిచినవానినే లోకము ఎక్కువగా తలచుకొనుచున్నది.

మన ప్రకాశము జిల్లాలోనిదై యుండిన నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచందును ఎరుగనివారుండరు. 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటన్ విజేతయైన పిదప ఒక శీతలపానీయపు ప్రకటన అతని గడప త్రొక్కినది. ఆ పానీయము ఆరోగ్యమునకు మంచిది కాదని తాను నమ్మినందున వలదనెను. ఏ నియమమును దానిని నిషేధింపలేదు. తన గీత తానే గీచుకొనెను.

ఇక ఒక హెచ్చరిక. బ్రతుకు ఆట కాదు. ఆటలో ఇరువైపుల ఏడుగురేడుగురుందురు, బరువులకు హద్దులుండును, ఇష్టము లేనివాడు ఆడనక్కరలేదు. ఊరిలో ఒకనికి ముప్పది యెకరములు, మరొకనికి రెక్కలు. ఊరు విడచి పోవుటకు అందరికిని వీలుండదు. అందుచేత ఊరి గీతలు గీయునప్పుడు బలహీనులు ముందు వరుసలో కూర్చుండవలెను. మరియు అన్ని తప్పులును ఆటలోని తప్పులవంటివి కావు. ఆడపిల్లపై అఘాయిత్యము జరిగినప్పుడు, మనిషి ప్రాణము తీసినప్పుడు, పెద్దమనుష్యులు అరుగుమీద కూర్చుండి వెలకట్టి మాఫీ చేయుట న్యాయము కాదు, మరియొక నేరము. అది పోలీసులకు, న్యాయస్థానమునకు చెందిన పని. నేను చెప్పునది నీటి వంతు, మురుగు కాలువ, గట్టుమీది చెట్టు, మేకల మేత, కుళాయి వరుస, మైకు చప్పుడు – ఇట్టి చిన్న తగవులను గూర్చియే. ఐతే పెద్ద తగవులనేకము ఇట్టి చిన్నవాటి కడుపుననే పుట్టుచున్నవని మరువరాదు.

ఈ రజతోత్సవ సందర్భమున నాదొక చిన్న మనవి. ఈ గ్రంథాలయపు గోడకు ఒక నల్లబల్ల తగిలింపుడు. తూముల వంతులు, గంటలతో సహా, దానిపై వ్రాయుడు. కుళాయి వరుస ఏ వాడనుండి ఏ వాడకో వ్రాయుడు. రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు మైకు కూడదని 2000 సంవత్సరపు శబ్ద నియమములు చెప్పుచున్నవి. పెండ్లియైనను, జాతరయైనను, ఎన్నికయైనను ఆ మాట వ్రాయుడు. అన్ని వాడల స్త్రీ పురుషులను కూర్చుండబెట్టి, మొదటి తప్పునకు హెచ్చరిక, రెండవదానికి ఇష్టపడి ఒప్పుకొన్న చిన్న రుసుము అని ముందే అనుకొనుడు. ఎవరిని బలవంతము చేయుటకు మనకధికారము లేదు; ఒప్పుకొన్నవారితోనే మొదలుపెట్టుడు. రుసుము చెల్లించిన నాడే ఆ పేరు తుడిచివేయుడు. వ్రాయుటకంటె తుడుచుట ముఖ్యమని మరువకుడు.

ముగించుటకు ముందు, నేను మొదలుపెట్టిన సంగతి మిగిలియున్నది. తూము దగ్గర పోట్లాడుకొన్న ఆ నా శిష్యులిద్దరకు నేడు తలలు నెరసినవి. కోర్టు వ్యాజ్యము ఎన్నడో కొట్టుపోయినది. ఆ నాటి మిరప పంట ధరయెంతో వారికే గుర్తుండదు. కాని ఆ ఇండ్ల నడుమ మాటలు నేటికిని లేవు. ఒకరింటి పెండ్లికి మరొకరు పోలేదు, ఒకరింటి చావునకు మరొకరు పోలేదు. వారి మనుమలిద్దరును ఇక్కడనే పుస్తకములు తీసికొందురు. ఒకే బల్లపై కూర్చుండరు.

ఆ ఇరువురును నేడు ఈ సభలోనే యున్నారు, వేరువేరు వరుసలలో. ఎవరో మీరు చూడవలదు, నేనును చూడను. నా ఈల ఇప్పటికిని నా జేబులోనే యున్నది కాని దానిని ఊదుటకు ఇక నాకధికారము లేదు. ఒక్క మాట మాత్రము చెప్పగలను. నాయనలారా, అంపైరు లేని ఆటలో మీ చేతులు లేచుట నేను చూచితిని. మీరు వెలుపల కూర్చున్నది చాలినది. లేచి లోపలికి రండు.